పాత మారుతి 800లో సింథటిక్ ఆయిల్: ప్రాజెక్టు డైరీ

బండి: 1996 మారుతి 800. కార్బురేటర్ మోడల్, 796 సీసీ ఎఫ్8బీ ఇంజను, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు, నాలుగు గేర్లు. ఉండేది విజయవాడలో. రోజూ అయిదారు కిలోమీటర్ల తిరుగుడు, నెలకోసారి ఏలూరు దాకా హైవే. ఇన్నేళ్లూ పోసింది 20డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్. ఇప్పుడు సింథటిక్‌కి మారడం కుదురుతుందా, కుదిరితే ఏ గ్రేడు, మారాక ఎక్కడ కారుతుంది అన్నది తేల్చడం ఈ పని.

1,12,400 కి.మీ.: డబ్బా కొనకముందు

ముందు ఇంజను ఏ స్థితిలో ఉందో రాసిపెట్టుకోవాలి. లేకపోతే మార్చిన తర్వాత కనిపించే ప్రతి చుక్కనీ కొత్త ఆయిల్ మీదకే నెట్టేస్తాం.

ఆయిల్ మూత తీసి టార్చి వేసి చూస్తే వాల్వుల్ని నొక్కే రాకర్ల మీద తేనెరంగు పూత ఉంది. నల్లటి ముద్ద లేదు. ఈ ఒక్క చూపుతోనే సగం నిర్ణయం అయిపోతుంది. గోరుతో గీస్తే ముద్దలా లేచి వచ్చే మడ్డి ఉన్న ఇంజనులో సింథటిక్ సంగతి తర్వాత, ముందు ఇంజను అడుగున నూనె నిలిచే చాంబర్ విప్పి, నూనె పీల్చుకునే జాలీ కడగాలి.

కంప్రెషన్: ఇంజను వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి (గాలి దారి తెరిచి) సెల్ఫ్ కొడితే వరుసగా 165, 163, 155 పౌండ్లు. మూడో దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొడితే 168 అయింది. అంటే అక్కడ రింగులు కొంచెం అరిగాయి, వాల్వులు బాగానే ఉన్నాయి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపే కాబట్టి ఇంజను విప్పాల్సిన పని లేదు.

ఆయిల్ ప్రెషర్: డాష్‌బోర్డు మీది ఎర్రలైటును నమ్ముకుని లాభం లేదు. ప్రెషర్ దాదాపు పోయాకగానీ అది వెలగదు. స్విచ్ విప్పి ఆ చోట మీటరు బిగిస్తే, ఇంజను బాగా వేడెక్కాక ఐడ్లింగులో 12 పౌండ్లు, 3,000 ఆర్‌పీఎం దగ్గర 42. వెయ్యి ఆర్‌పీఎంకి పది పౌండ్లు అన్న షెడ్డు లెక్కకి ఇది సరిపోయింది. బేరింగులు ఆరోగ్యంగానే ఉన్నాయి, చిక్కటి ఆయిల్ అవసరం లేదు.

ఖర్చు: చదును నేల మీద, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు, ఒకే చోట డిప్‌స్టిక్ చూసి, తగ్గినంత కొలగ్లాసుతో పోస్తూ వెయ్యి కిలోమీటర్లు నడిపితే 250 మి.లీ. తాగింది. పొద్దున మొదటి స్టార్టులో ఒక్క గుక్క నీలిపొగ వచ్చి ఆగిపోతోంది. అది వాల్వు సీళ్లు, అంటే వాల్వు కాడల వెంట నూనె జారకుండా ఆపే రబ్బరు ముక్కలు, ఎండిన గుర్తు. రింగులు పోతే ఎత్తు ఎక్కేటప్పుడు, పికప్ ఇచ్చినప్పుడు వస్తుంది.

ఈ బండిలో ఇంకొకటి చూడాలి. కార్బురేటర్ 800లో పెట్రోలు పంపు కరెంటుది కాదు, వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్టు తోసే మెకానికల్ పంపు. లోపలి డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిల్లోకి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గదు, పెరుగుతుంది. యజమాని మాత్రం "మా బండి చుక్క ఆయిల్ తాగదు" అని మురిసిపోతుంటాడు. డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు కంపు కొడితే ముందు పంపు మార్చాలి. లేదంటే ఎంత ఖరీదైన సింథటిక్ పోసినా వారంలో నీళ్లవుతుంది. ఈ బండిలో వాసన లేదు.

1,12,400: సంఖ్యల సంగతి

కొట్లో దొరికినవి 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20. ఈ సంఖ్యలకి ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) వేసిన జే300 అనే పట్టిక ఆధారం.

గీత తర్వాతి సంఖ్య వంద డిగ్రీల దగ్గర చిక్కదనం. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. 12.6 ఉన్న నూనె, 16.2 ఉన్న నూనె రెండూ 40 పేరుతోనే అమ్ముడుపోతాయి. అందుకే కంపెనీ వెబ్‌సైట్లో ఆ డబ్బా డేటా షీటు దింపుకుని అసలు అంకె చూడాలి. పాత ఇంజనుకి 40 గ్రేడులో 14కి అటూ ఇటూ ఉన్నది హాయి.

డబ్ల్యూ ముందున్న సంఖ్య చలి పరీక్ష. 20డబ్ల్యూని సెల్ఫ్ తిప్పగలదా అని మైనస్ 15 డిగ్రీల దగ్గర చూస్తారు, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున కూడా ఆ చలి ఊసుండదు. అయితే ఈ సంఖ్య మనకి దండగా అంటే కాదు. మైనస్ ఇరవైలో పల్చగా ఉండే నూనె నలభై డిగ్రీల్లోనూ కొంత పల్చగానే ఉంటుంది. మినరల్ 20డబ్ల్యూ-40 నలభై డిగ్రీల దగ్గర 130 సెంటీస్టోక్స్ ప్రాంతంలో ఉంటే, సింథటిక్ 5డబ్ల్యూ-40 సుమారు 85 ఉంటుంది. వంద డిగ్రీలకి చేరేసరికి రెండూ ఒకటే. పొద్దున మొదటి అరనిమిషంలో నూనె పైన క్యామ్ దాకా ఎంత తొందరగా ఎక్కుతుందన్న దాంట్లో తేడా అంతా ఉంది. రోజుకి అయిదు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అరనిమిషాలే ఎక్కువ.

డబ్బా మీద కనపడని మూడో అంకె హెచ్‌టీహెచ్‌ఎస్. 150 డిగ్రీల వేడిలో, బేరింగు సందులో నలిగేటప్పుడు నూనె పొర ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పేది ఇదే. 20 గ్రేడుకి కనీసం 2.6, 30కి 2.9 ఉంటే చాలు. 5డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40లకి 3.5 ఉండాలి. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, ఇంకా 50 గ్రేడులన్నిటికీ 3.7. ఈ బండి ఇన్నాళ్లూ 3.7 నూనెతో నడిచింది. దాన్ని ఒక్కసారిగా 2.9కో 2.6కో దించితే మైలేజీ ఎంత పెరుగుతుందోగానీ ఐడ్లింగులో లైటు మిణుకుమంటుంది. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 ఇక్కడితో జాబితాలోంచి పోయాయి. అవి చెడ్డవని కాదు, ఆ సందులతో తయారైన ఇంజన్లకి అవి సరైనవే.

20డబ్ల్యూ-50 కూడా పోయింది. "పాత బండి కదా, చిక్కటిది పోయండి" అనే సలహా ప్రతి షెడ్డులోనూ దొరుకుతుంది. మీటరు పెట్టి చూసి, వేడి మీద ప్రెషర్ నిజంగా తక్కువుంటేనే ఆ మాట వినాలి. చిక్కటి నూనె అరిగిన బేరింగు చప్పుడుని కొన్నాళ్లు దాస్తుంది, అంతే.

ఇంకో మాట. గేరుబాక్సు ఆయిల్ మీద ఉండే 75డబ్ల్యూ-90 వేరే పట్టికలోది. ఆ 90ని ఈ 40తో పోల్చి ఇంజనులో పోసేవాళ్లూ ఉన్నారు.

1,12,400: "సింథటిక్" అన్న ముక్క

ముడి నూనె శుద్ధి చేసే తీరును బట్టి బేస్ ఆయిళ్లని అయిదు గ్రూపులుగా విడగొట్టారు. ఒకటి, రెండు మినరల్. మూడోది కూడా పెట్రోలియం నుంచే వస్తుంది. కాకపోతే హైడ్రోజన్‌తో బాగా విరగ్గొట్టి శుభ్రం చేస్తారు, దాని స్నిగ్ధతా సూచిక (వేడికి ఎంత తక్కువ పల్చబడుతుందో చెప్పే అంకె) 120కి తగ్గదు. నాలుగోది పీఏఓ, రసాయనికంగా కట్టిన నూనె. అయిదోది ఎస్టర్లు, మిగతావన్నీ. 1999లో అమెరికాలో రెండు ఆయిల్ కంపెనీల ప్రకటనల తగవులో మూడో గ్రూపుని కూడా సింథటిక్ అనొచ్చని తేలింది. అప్పట్నుంచి బజారులో ఫుల్లీ సింథటిక్ అని ఉన్న డబ్బాల్లో చాలావరకు మూడో గ్రూపువే. జర్మనీలో మాత్రం ఆ మాటని పీఏఓ, ఎస్టర్లకే వాడతారు. మన దగ్గర సెమీ సింథటిక్ అంటే ఎంత పాలు సింథటిక్ ఉండాలన్న లెక్క డబ్బా మీద ఎక్కడా కనపడదు.

మూడో గ్రూపు అంటే మోసమని కాదు. 800కి అది చాలు, మిగులు కూడా. ముందువైపు పెద్ద అక్షరాలకి డబ్బు పెట్టకుండా వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి, అంతే.

1,12,400: వెనకవైపు అక్షరాలు

ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ఎస్ అక్షరాలు పెట్రోలు ఇంజను నూనెలకి అది ఇచ్చే ప్రమాణాలు. ఎస్‌ఎఫ్, ఎస్‌జీ ఈ బండి కాలపు మాటలు. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎం 2004లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. కొత్త అక్షరం పాతదాని పని కూడా చేస్తుందని ఏపీఐ నియమం. ఎస్‌పీలో కొత్తగా చేరిన పరీక్షలు టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో వచ్చే అకాల దహనానికీ, టైమింగ్ చైను అరుగుదలకీ. మన బండికి టర్బో లేదు, చైనూ లేదు, బెల్టు. కాబట్టి ఎస్‌ఎన్ దొరికితే ఎస్‌పీ కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

పాత ఇంజన్ల వాళ్లు భయపడేది జింక్ గురించి. జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే మందు క్యామ్ మీద పల్చటి రక్షణ పొర కడుతుంది. 800లో రాకర్లు క్యామ్ మీద రాసుకుంటూ జారతాయి, రోలర్లు లేవు. అందుకే ఆ పొర కావాలి. ఆ ఫాస్ఫరసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అందుకని ఎస్‌ఎం నుంచి దాన్ని 0.08 శాతానికి దించారు. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ పరిమితి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 గ్రేడులకే. 10డబ్ల్యూ-40కి, 15డబ్ల్యూ-40కి మామూలుగా వర్తించదు. "రిసోర్స్ కన్సర్వింగ్" అని ముద్ర ఉంటేనే వర్తిస్తుంది. అంటే 40 గ్రేడు ఎంచుకుని, ఆ ముద్ర లేనిది చూసుకుంటే జింక్ సమస్య చాలావరకు తీరినట్టే. విడిగా అమ్మే జింక్ సీసాలు వద్దు. కంపెనీ తూకం వేసి కలిపిన మందుల్లో మనం గరిటె పెట్టినట్టవుతుంది.

యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ ఇచ్చే అక్షరాలు ఇంకా సూటిగా ఉంటాయి. ఏ3/బీ4 అని ఉంటే హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5కి తగ్గదు, ఆమ్లాల్ని విరిచే టీబీఎన్ 10కి తగ్గదు, ఆవిరైపోయే భాగం 13 శాతం దాటదు. ఏపీఐలో ఆ ఆవిరి 15 శాతం దాకా ఒప్పుకుంటారు. పాత పెట్రోలు బండికి వెతకాల్సింది ఈ ఏ3/బీ4నే. సీ3 అని ఉన్నవి డీజిల్ ఫిల్టర్లున్న కొత్త బండ్ల కోసం బూడిద తగ్గించి చేసినవి, ఇక్కడ వాటి అవసరం లేదు. లారీల 15డబ్ల్యూ-40 సీఐ-4 (ఏపీఐ డీజిల్ ప్రమాణం) పోస్తే ఏమవుతుందని అడుగుతారు. పక్కనే ఎస్‌ఎల్ లాంటి ఎస్ అక్షరం కూడా ఉంటే, కన్వర్టర్ లేని కార్బురేటర్ బండికి ఇబ్బంది లేదు. బైకుల 20డబ్ల్యూ-40 మీద జాసో ఎంఏ అనే జపాన్ ప్రమాణం ఉంటుంది. అది తడి క్లచ్ జారకుండా చేసినది. కారుకి దాంతో నష్టం లేదుగానీ, పెట్టిన డబ్బుకి ఫలితమూ లేదు.

ఎంపిక: 10డబ్ల్యూ-40, ఏపీఐ ఎస్‌ఎన్, ఏసీఈఏ ఏ3/బీ4, డేటా షీటులో వంద డిగ్రీల దగ్గర 14.2 సెంటీస్టోక్స్. 3 లీటర్ల డబ్బా ఒకటి, రెండో విడతకి ఇంకొకటి. కొనేటప్పుడు మూత సీలు, బ్యాచ్ నంబరు చూసుకోవాలి. ఖాళీ డబ్బాని పారేసేముందు చిల్లు పొడవాలి, లేకపోతే అది మళ్లీ నిండి కొట్టుకి చేరుతుంది.

1,12,430: కారే చోట్లు

సింథటిక్ సీళ్లని తినేస్తుందన్న మాట పూర్తిగా పుక్కిటి పురాణం కాదు. తొలినాటి పీఏఓ నూనెలు రబ్బరుని కుదించేవి. ఇప్పుడు ఎస్టర్లు కలిపి ఆ లోటు పూడ్చారు. అయినా పాత బండిలో మార్చగానే కారడం మొదలవుతుంది. కారణం వేరు. ముప్పై ఏళ్ల సీలు ఎండి పెళుసైపోయి ఉంటుంది, దాని పెదవి చుట్టూ పేరుకున్న మడ్డే ఇన్నాళ్లూ ఆనకట్టగా నిలిచింది. కొత్త నూనెలోని డిటర్జెంటు ఆ మడ్డిని కరిగిస్తుంది. ఆనకట్ట పోతే నూనె ఆగదు.

అందుకే ముందే మార్చినవి: ట్యాపెట్ కవర్ (రాకర్ల మీది మూత) ప్యాకింగ్, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే ఓ-రింగు. డిస్ట్రిబ్యూటర్ హెడ్డు చివర, గేరుబాక్సు వైపు ఉంటుంది. అక్కడ కారిన నూనె గేరుబాక్సు గూడు మీదుగా కిందకి దిగుతుంది. కింద పడుకుని చూసినవాడు "వెనక క్రాంక్ సీలు పోయింది, గేరుబాక్సు దించాలి" అంటాడు. పదో ఇరవయ్యో రూపాయల రింగుకి వేల రూపాయల పని. ముందు పైన గుడ్డతో తుడిచి, పౌడరు జల్లి, పది కిలోమీటర్లు నడిపి, తడి ఎక్కడ మొదలైందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ తీసేముందు గూడు మీద గీత పెట్టుకోవాలి, లేకపోతే టైమింగ్ మళ్లీ మొదటికొస్తుంది.

ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం లోపల జిడ్డుతో సగం పూడుకుపోయి ఉంటే పెట్రోలుతో కడిగి ఆరబెట్టడం అయింది. అది మూసుకుపోతే లోపలి గాలి ఒత్తిడి ఏ కొత్త సీలునైనా తోసేస్తుంది.

1,12,440: మార్పు

ఫ్లష్ సీసా వాడలేదు. ఐడ్లింగులో పది నిమిషాలు నడిపి మడ్డిని పెళ్లలుగా ఊడదీస్తే అవి వెళ్లి చాంబర్ అడుగున జాలీకి అడ్డంపడతాయి. మెల్లగా కరగనివ్వడమే మేలు.

పది కిలోమీటర్లు నడిపి, పదిహేను నిమిషాలు ఆపి, 17 పానాతో డ్రెయిన్ బోల్టు విప్పి, అరగంట కారనివ్వాలి. చివరి చుక్కల్లోనే మురికి ఎక్కువ. బోల్టు మీది వాషర్ కొత్తది వేయాలి. బోల్టుని చేత్తో చివరిదాకా తిప్పాకే పానా పెట్టాలి. అడ్డంగా ఎక్కిన మర మీద బలం చూపిస్తే చాంబర్ దించాల్సి వస్తుంది.

ఫిల్టరు విప్పగానే ఇంజను ముఖం వేలితో తడిమి చూడాలి. పాత రబ్బరు రింగు అక్కడే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో నూనెంతా రోడ్డు మీదే. కొత్త ఫిల్టరు రబ్బరుకి నూనె రాసి, ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు. పానా వద్దు.

మొదట 2.5 లీటర్లు పోసి, స్టార్ట్ చేసి, లైటు ఆరాక నిమిషం నడిపి, ఆపి పది నిమిషాలు ఆగి చూడాలి. ఆపైన 100 మి.లీ. చొప్పున పోస్తూ పై గీతకి వెంట్రుకవాసి కింద ఆపాలి. పై గీత దాటిస్తే క్రాంకు నూనెని చిలికి నురగ చేస్తుంది.

పాత నూనె క్యానులో పట్టి, వాడిన ఆయిల్ సేకరించేవాళ్లకి ఇవ్వడం అయింది. చెదలకని తలుపు చట్రాలకి పూయడం, కాలవలో పారబోయడం వద్దు.

1,12,700

ట్యాపెట్ కవర్ పొడిగా ఉంది. డిస్ట్రిబ్యూటర్ దగ్గరా పొడే. టైమింగ్ బెల్టు వైపు, కింది కవర్ అంచున కొత్తగా తడి. ముందు క్రాంక్ సీలు. ఊహించిందే. దీన్ని "కొద్దిగానే కదా" అని వదిలేయకూడదు. నూనె తాగిన బెల్టు రబ్బరు ఉబ్బి పళ్లు ఊడతాయి. బెల్టు విప్పినప్పుడే క్రాంక్ సీలు, క్యామ్ సీలు, టెన్షనర్, కొత్త బెల్టు అన్నీ ఒకే విడతలో. కొత్త సీలుని పాతదాని కన్నా ఒక మిల్లీమీటరు పైకి కూర్చోబెట్టాలి. క్రాంకు మీద పాత సీలు పెదవి గీసిన గాడి ఉంటుంది, మళ్లీ ఆ గాడిలోనే పడితే కొత్త సీలూ కారుతుంది.

1,13,950: మొదటి విడత నూనె దించడం

డబ్బా మీద ఎన్ని వేల కిలోమీటర్లని రాసి ఉన్నా మొదటి విడత 1,500 దగ్గర దించేయాలి. కరిగిన మడ్డి అందులోనే ఉంటుంది. నూనె బొగ్గులా నల్లబడి దిగింది. నల్లబడటం చెడుగుర్తు కాదు, డిటర్జెంటు పని చేస్తోందని. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా ఉంచితే, నలుపు అంచుల దాకా మెత్తగా పాకింది. నడిమధ్య గట్టి నల్లచుక్కగా ఆగిపోయి చుట్టూ ఖాళీ ఉంటే, నూనె ఇక మురికిని మోయలేకపోతోందని అర్థం.

ఫిల్టరు కోసి కాగితం మడతలు విప్పితే నల్లటి ఇసుక లాంటి మసి ఉంది. అయస్కాంతానికి ఏమీ అంటలేదు. రాగిరంగు మెరుపూ లేదు. ఉంటే బేరింగు పైపొర పోయి లోపలి లోహం బయటపడినట్టు.

వేడి మీద ప్రెషర్ ఐడ్లింగులో 12, 3,000 దగ్గర 41. పాత నూనెతో దాదాపు సమానం. రెండూ 40 గ్రేడే కాబట్టి అలాగే రావాలి. ఖర్చు వెయ్యికి 300 మి.లీ. అయింది, పాతదానికన్నా 50 ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు పల్చటి నూనె ఎండిన వాల్వు సీళ్లలోంచి సులువుగా దిగుతుంది. అదే కారణం అని పొద్దుటి నీలిపొగ చెబుతోంది. పొద్దున స్టార్టులో లైటు మునుపటికన్నా తొందరగా ఆరుతోంది, రాకర్ల టకటక కూడా రెండు మూడు క్షణాల్లో సర్దుకుంటోంది. మైలేజీలో కొలవదగ్గ తేడా లేదు.

1,14,000: ఇక మీదట

రెండో డబ్బా పోయడం అయింది. మార్చే గడువు 5,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. సింథటిక్ నూనె తనంతట తాను పదివేలు నిలుస్తుంది. నిలవనిచ్చేది మాత్రం ఈ ఇంజను కాదు. చోక్ లాగిన ప్రతిసారీ చిక్కటి పెట్రోలు సిలిండరు గోడల మీంచి కిందకి కడుక్కుపోతుంది. అయిదు కిలోమీటర్ల ప్రయాణంలో నూనె బాగా వేడెక్కదు, కలిసిన పెట్రోలూ, నీటి ఆవిరీ బయటికి పోవు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20లో అయిదో వంతు ఇథనాల్, అది తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత కింద పాలమీగడ లాంటి నురుగు కనిపిస్తే భయపడి హెడ్డు విప్పక్కర్లేదు. ముందు నలభై కిలోమీటర్లు హైవే మీద తోలి, మూత తుడిచి మళ్లీ చూడాలి. అప్పటికీ వస్తూ, రేడియేటర్లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్.

ఇథనాల్ పాత పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ని కూడా పాడుచేయగలదు కాబట్టి నెలకోసారి డిప్‌స్టిక్ వాసన తప్పనిసరి.

మిగిలిన పని: ఆరు వాల్వు సీళ్లు. హెడ్డు దించకుండా, ప్లగ్గు రంధ్రం గుండా గాలి పట్టించి వాల్వుల్ని నిలబెట్టి మార్చొచ్చు. క్రాంక్ సీలు కోసం బెల్టు విప్పే రోజే అదీ పెట్టుకుంటే ట్యాపెట్ కవర్ ఒక్కసారే తీయాలి. అది అయ్యాక ఖర్చు మళ్లీ కొలవాలి. వెయ్యికి 100 మి.లీ. లోపు వస్తే అనుమానం సీళ్ల మీదే నిజం. తగ్గకపోతే మూడో సిలిండరు రింగుల సంగతి చూడాలి.